బండమీద వ్రాసిన తోట

(అశోక మహారాజు జీవితమునుండి మన సంఘములకు ఒక పాఠము)

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 20:19, 20, లేవీయకాండము 19:9, 10, 23–25, యోహాను సువార్త 4:36–38.



తొలకరి వానలు పడగానే మన కర్నూలు సీమలోని జొన్నగిరి, తుగ్గలి చేలలో జనము వజ్రములకొరకు వెదకుట మీరెరిగినదే. దూరపు ఊళ్లనుండి కూడ కుటుంబములతో వచ్చి, చెట్లక్రింద వండుకొని తిని, ప్రొద్దు గ్రుంకువరకు నడుము వంచి నేలను చూచుచు తిరుగుదురు. ఏ ఒక్కనికో రాయి దొరకును. తక్కినవారందరు వట్టి చేతులతో ఇంటికి మరలుదురు. ఆ చేలకు సమీపముననే, గుత్తినుండి పత్తికొండకు పోవు దారిలో, ఎఱ్ఱగుడి అను ఊరియొద్ద కొన్ని పెద్ద బండలు కలవు. వాటిమీద వ్రాత యున్నది. నేలను వెదకువారిలో ఆ బండలవైపు తలయెత్తి చూచువారు కొద్దిమందే.

ఆ వ్రాతలో మన కరువు సీమకు వజ్రముకంటె విలువైన సంగతి యొకటి కలదు. మనుష్యులకును పశువులకును పనికివచ్చు మూలికలు, దుంపలు, పండ్లు ఎక్కడెక్కడ లేవో అక్కడికి వాటిని తెప్పించి నాటించితిననియు, దారుల వెంబడి బావులు త్రవ్వించి చెట్లు పెట్టించితిననియు ఒక రాజు అక్కడ చెక్కించెను. ఆ రాజు అశోకుడు. ఇంచుమించు 2,280 ఏండ్ల క్రిందట మన పొలములనడుమ చెక్కబడిన మాట ఇది.

ఈ నెల ఆయన జీవితమును మీకు చెప్పదలచితిమి. ఆయన మన విశ్వాసమును ఎరిగినవాడు కాడు. క్రీస్తు ప్రభువు జన్మమునకు రెండు వందల ఏండ్లకు పైగా ముందటివాడు. అయినను నీనెవె రాజు బూడిదలో కూర్చుండి పశ్చాత్తాపపడిన సంగతిని లేఖనము మనకొరకు దాచియుంచినది. కోరెషు రాజు చేసిన మేలును కూడ మరువలేదు. కాబట్టి ఇట్టి రాజు జీవితమునుండి నేర్చుకొనుటకు మనము వెనుదీయ నక్కరలేదు.

రాజ్యమును యుద్ధమును

అశోకుని తాత చంద్రగుప్త మౌర్యుడు, తండ్రి బిందుసారుడు. వారి రాజధాని గంగానది యొడ్డున నున్న పాటలీపుత్రము. దానినే నేడు పట్నా అందురు. క్రీ.పూ. 268 ప్రాంతమున అశోకుడు పట్టాభిషిక్తుడాయెను. యౌవనమున ఆయన మిక్కిలి క్రూరుడని, రాజ్యముకొరకు అన్నదమ్ములను చంపించెనని బౌద్ధుల పాత కథలు చెప్పును. కథలలో ఎంత నిజమో ఎంత పెంపో గాని, యుద్ధము విషయమున మాత్రము మనకు కథలతో పని లేదు. ఆయనే తన చేతి పనిని లెక్కవేసి రాతిమీద ఎక్కించెను.

పట్టాభిషేకమైన ఎనిమిది ఏండ్లకు, క్రీ.పూ. 260 ప్రాంతమున, ఆయన కళింగ దేశముమీదికి దండెత్తెను. కళింగమనగా నేటి ఒడిశాయు, దానికి ఆనుకొని యున్న మన ఉత్తర తీరమును. ఆ యుద్ధములో లక్ష మంది హతులైరి. లక్షా యాబది వేలమంది చెరపట్టబడి తమ ఊళ్లనుండి తరలింపబడిరి. అటు తరువాత అంతకు ఎన్నో రెట్లమంది చనిపోయిరి. ఈ లెక్కలు శత్రువులు వ్రాసినవి కావు. గెలిచిన రాజు తానే చెప్పుకొన్నవి. రాజులు సాధారణముగా గెలుపును చెక్కింతురు. ఈయన గెలుపువలన కలిగిన దుఃఖమును చెక్కించెను. చంపబడినవారినిగూర్చి మాత్రమే గాక, వారి కొరకు ఏడ్చిన బంధువులను, స్నేహితులను, వారి యిండ్ల పనివారినిగూర్చి కూడ తన మనస్సు నొచ్చుచున్నదని తెలియజేసెను.

ఆ పశ్చాత్తాపపు వ్రాత కళింగ దేశములో చెక్కబడలేదు. అక్కడ దానికి బదులు వేరు వ్రాతలు పెట్టించిరి. మన ఎఱ్ఱగుడి బండమీద మాత్రము అది ఉన్నది. ఆ వ్రాతలోనే ఆంధ్రుల పేరును కలదు. కాబట్టి ఒక చక్రవర్తి తన పాపమును ఒప్పుకొనిన సాక్ష్యమునకు మన కర్నూలు జిల్లా కాపలాదారుగా నున్నదని చెప్పవచ్చును.

యుద్ధములో మనుష్యులతోకూడ చెట్లును చచ్చును. ముట్టడి వేయు దండు వంటచెరకుకును, నిచ్చెనలకును, కోట కట్టుటకును ఊరి తోటలను నరుకును. పైరు ఒక యేడు పోయినను మరు యేడు విత్తుకొనవచ్చును; మామిడి తోట నరకబడిన యెడల ఒక తరము ఆకలి గొనును. అందుచేతనే ద్వితీయోపదేశకాండములో ముట్టడి కాలమున సైతము ఫలమిచ్చు చెట్టుమీద గొడ్డలి వేయకూడదని దేవుడు నియమించెను. శత్రువుతో మనకు పోరాటముండవచ్చును, చెట్టుతో పోరాటమేమి?

మారిన మనస్సు, మారిన పని

ఏడ్చుట సులభము, పని మార్చుకొనుట కష్టము. బాప్తిస్మమిచ్చు యోహాను తనయొద్దకు వచ్చినవారిని కన్నీళ్లు గాక ఫలములు అడిగెను. అశోకుని పశ్చాత్తాపమునకు ఫలము ఏమనగా, దండు నడిపిన దారుల వెంబడి ఆయన బావులు త్రవ్వించెను, చెట్లు నాటించెను. మనుష్యులకును పశువులకును వైద్యము ఏర్పరచెను. పూర్వము రాజుగారి వంటయింటికొరకు దినమునకు లక్షలకొలది జంతువులు కోయబడుచుండగా, దానిని రెండు నెమళ్లకును ఒక లేడికిని తగ్గించి, ఇకమీదట అవికూడ కోయబడవని చాటించెను. తరువాతి కాలపు స్తంభముమీద, నిష్కారణముగా గాని, జీవులను చంపుటకు గాని అడవులకు నిప్పు పెట్టకూడదని ఆజ్ఞ యిచ్చెను. ఎండకాలమందు నల్లమలలోను, పాలకొండలలోను రాత్రివేళ నిప్పు పాకుట చూచిన మనకు ఈ ఆజ్ఞ అర్థమగును.

ఇందులో మరియొక సంగతి గమనింపుడి. ఆ మూలికలు, పండ్లు తన రాజ్యములోనే గాక తన యేలుబడిలో లేని చోళుల దేశమునకు, పాండ్యుల దేశమునకు, కేరళమునకు, లంకకు, ఇంకను పడమటనున్న గ్రీకు రాజుల దేశములకును చేర్చితినని ఆయన చెప్పెను. నిన్నటివరకు పొరుగు రాజ్యమునకు దండును పంపిన చేయి నేడు మొక్కను పంపెను. కత్తులను నాగటి నక్కులుగా సాగగొట్టు దినమునుగూర్చి యెషయా ప్రవచించిన సంగతి మనకు తెలియును. దాని పూర్తి నెరవేర్పు ప్రభువు చేతిలో నున్నది. అయితే దాని నీడ ఇక్కడ కొంచెము కనబడుచున్నదని మాకు తోచుచున్నది.

తన యేలుబడి చివరి కాలమున వ్రాయించిన మరియొక స్తంభములో, పశువులకును మనుష్యులకును నీడ నిచ్చుటకు మఱ్ఱిచెట్లు పెట్టించితిననియు, మామిడి తోటలు వేయించితిననియు, బావులు, విడుదులు, చలివేంద్రములు ఏర్పరచితిననియు చెప్పెను. ఇట్టి మేలులు పూర్వపు రాజులును చేసిరని అక్కడే ఒప్పుకొనెను. ప్రయాగ స్తంభముమీద ఆయన రెండవ రాణి కారువాకి పేరును చెక్కబడి యున్నది. ఆమె దానముగా నిచ్చిన మామిడి తోపులు, ఉద్యానములు, సత్రములు ఆమె పేరనే లెక్క వ్రాయబడవలెనని రాజాజ్ఞ. చరిత్రలో ఎందరో రాణుల నగలు వినబడును. ఈమె మామిడి తోపు వినబడుచున్నది.

ఈ ఆజ్ఞలు పల్లెలకు ఎట్లు చేరెను? ఎఱ్ఱగుడి బండలమీదనే దానికి జవాబున్నది. అధికారులు దండోరా వేయించి పల్లె జనమునకు తెలియజేయవలెను. తల్లిదండ్రులను, పెద్దలను గౌరవించుట, ప్రాణులయెడల దయ, సత్యము పలుకుట అనువాటిని ఉపాధ్యాయులు శిష్యులకు నేర్పవలెను. అందులో కొన్ని వరుసలు ఎడమనుండి కుడికిని, తరువాతి వరుస కుడినుండి ఎడమకును వ్రాయబడినవి. మడక తోలువాడు సాలు చివర ఎద్దులను త్రిప్పుకొని మరల వచ్చునట్లు ఆ వ్రాత నడచుచున్నది. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మీ. ఆ లిపిని చదువగలవారు మన దేశములో శతాబ్దములపాటు లేకపోయిరి. 1837లో జేమ్సు ప్రిన్సెప్ అను ఆంగ్లేయుడు దాని అక్షరములను విప్పెను. 1929లో మన ఎఱ్ఱగుడి వ్రాత పండితుల కంటబడెను. అంతవరకు మన పెద్దలు ఆ బండలమీద కూర్చుండి సద్ది తినిరి. గొఱ్ఱెల కాపరులు వాటి నీడను నిద్రించిరి.

ఉసిరికాయలో సగము

రాజు చివరి దినములనుగూర్చి బౌద్ధుల పురాణ కథ యొకటి కలదు. దానిని కథగానే మీకు చెప్పుచున్నాము. ముసలితనమున అశోకుడు తన ఆస్తినంతటిని సన్న్యాసులకు దానము చేయుచుండెనట. బొక్కసము వట్టిపోవునని మంత్రులు భయపడి ఆయన చేతికి ధనము చిక్కకుండ చేసిరి. అప్పుడాయన తాను భోజనము చేయు బంగారు పళ్లెమును పంపివేసెను. వెండి పళ్లెము పెట్టిరి; దానిని పంపివేసెను. తుదకు మంటి మూకుడు మిగిలెను. ఒకనాడు ఆయన చేతిలో సగము ఉసిరికాయ తప్ప మరేమియు లేదు. భూమినంతటిని ఏలినవాడనని పేరుపొందిన రాజు ఆ సగము కాయను మఠమునకు కానుకగా పంపెను. అక్కడివారు దానిని నలుగగొట్టి పులుసులో కలిపి, అందరికిని కొంచెము కొంచెము చేరునట్లు పంచుకొనిరట.

ఈ కథ వినినప్పుడు బీద విధవరాలి రెండు కాసులు మనకు జ్ఞాపకము వచ్చును. మాకు ఇంకొకటియు తోచును. రాజ్యము పోయినను, బంగారము పోయినను, చివరకు చేతిలో మిగిలినది ఒక చెట్టు కాయయే. అదియు ఒక్కడు తినుటకు గాక పదిమంది పంచుకొనుటకు.

క్రీ.పూ. 232 ప్రాంతమున అశోకుడు చనిపోయెను. ఆయన తరువాత ఇంచుమించు యాబది ఏండ్లు గడువకముందే మౌర్య రాజ్యము అంతరించెను.

ఏది నిలిచెను?

ఆయన దారులవెంబడి నాటించిన మఱ్ఱిచెట్లు, వేయించిన మామిడి తోపులు ఏమాయెను? అవి నేడు కానరావు. రాజాజ్ఞ నిలిచియున్నంతకాలము కూలివాడు నీళ్లు పోసియుండును. ఆజ్ఞ పోగానే కడవ దింపియుండును. బండ నిలిచెను, తోట నిలువలేదు.

అయితే ఒక్క చెట్టు మాత్రము నిలిచెనని లంక దేశపు చరిత్ర గ్రంథములు చెప్పుచున్నవి. అశోకుని కుమార్తె సంఘమిత్ర ఒక రావి కొమ్మను ఓడలో లంకకు తీసికొనిపోగా, అనూరాధపురములో దానిని నాటిరట. ఆ చెట్టు నేటికిని ఉన్నది. దాని వయస్సు 2,200 ఏండ్లకు పైబడినదని చెప్పుదురు. బౌద్ధులకు అది పూజనీయము. ఆ భక్తి విషయము మన చర్చ కాదు. కాని కావలి విషయము మనము నేర్చుకొనదగినది. రాజులు మారినను, యుద్ధములు జరిగినను, పట్టణము పాడై అడవిపాలైనను, తరతరములుగా ఆ చెట్టుకు కావలివారు ఉండిరి. దానికి నీళ్లు పోయువాడెవడు, కంచె కట్టువాడెవడు, వాడు చనిపోయిన తరువాత ఆ పని ఎవనిది అను ప్రశ్నకు ప్రతి తరమున జవాబుండెను. వేలకొలది చెట్లకు ఆజ్ఞ యుండెను. ఒక్క చెట్టుకు కావలి యుండెను. నిలిచినది కావలి యున్న చెట్టే.

అశోకుని జీవితములో మా మనస్సును పట్టుకొన్న పాఠము ఇదియే.

మన సీమ సంగతి

మన పెద్దలు తోపు విలువ ఎరిగినవారు. ఎఱ్ఱగుడి దారిని ముందుకు సాగి పత్తికొండకు పోయినయెడల అక్కడ మన్రో దొర జ్ఞాపకము కలదు. కడప, బళ్లారి సీమలకు కలెక్టరుగానుండి, తరువాత మద్రాసు గవర్నరైన ఆ థామస్ మన్రో, 1827 జూలై 6న పత్తికొండలో కలరాచేత చనిపోయెను. అక్కడ ఆయన జ్ఞాపకార్థముగా ఒక బావి త్రవ్వించి, చెట్ల తోపు వేయించిరి. ఎండిన దేశములో మంచివానిని జ్ఞాపకము చేసికొనుటకు బావికంటెను తోపుకంటెను తగినది మరేమున్నది?

మన సీమలో ఏడాదికంతటికి కురియు వాన ఆరు, ఏడు వందల మిల్లీమీటర్లు. అదియు సమయమునకు రాదు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరువులో మన జిల్లాలు పడిన బాధ చెప్పనలవి కాదు. 1871వ సంవత్సరపు జనగణనకును 1881వ సంవత్సరపు జనగణనకును నడుమ కర్నూలు జిల్లా జనాభాలో ఇంచుమించు నాలుగవ వంతు తగ్గిపోయెను. పైరు ఎండినప్పుడు మనుష్యులు చింతగింజలు, అడవి కాయలు, ఆకులు ఏరుకొని ప్రాణము నిలుపుకొనిరి. పైరు వేరు జానెడు లోతు; చింత వేరు బావిలోతు. అందుచేత పైరు మాడిన ఏడు సయితము చింత కాయును, వేప నీడ నిచ్చును, రేగు పండును.

నేడు మన పల్లెలలో ఆకలిచావులు లేవు. చౌకధరల దుకాణపు బియ్యము వచ్చుచున్నది, దేవునికి స్తోత్రము. అయితే పళ్లెములో బియ్యము తప్ప ఏమున్నది? చేనంతయు చెనిక్కాయ గాని పత్తి గాని వేసి, కరివేపాకు రెబ్బను కూడ అంగడిలో కొనుచున్నాము. మా చిన్ననాట బడినుండి వచ్చు దారిలో నేరేడు, సీతాఫలము, రేగు, బలుసు, ఈతపండ్లు ఎవరి అనుమతియు లేకుండ తినెడివారము. ఇప్పటి పిల్లలు అయిదు రూపాయల పొట్లము కొనుక్కొని తినుచున్నారు. బీదవాడు ఏరుకొని తినదగిన చెట్టు ఊరిలో లేకపోవుట ఒక విధమైన కరువు కాదా? లేవీయకాండములో ద్రాక్షతోట పరిగెను బీదలకును పరదేశులకును విడువుమని ఆజ్ఞ కలదు. తోటయే లేనప్పుడు పరిగె ఎక్కడిది?

మా తప్పు

ఇప్పుడు మా సంగతిని దాచక చెప్పవలెను. కొన్ని ఏండ్ల క్రిందట కోతపండుగనాడు మా సంఘములో నలువది పండ్ల మొక్కలు తెచ్చి దేవాలయపు ఆవరణలో నాటితిమి. పాటలు పాడితిమి, ప్రార్థించితిమి, ఫోటో తీసికొంటిమి. ప్రసంగము మేమే చేసితిమి, అదియు చాలసేపు. సంక్రాంతి గడువగానే మా సంఘములో సగము కుటుంబములు ఎప్పటివలె మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలసపోయిరి. వారు తిరిగి వచ్చుసరికి ఎండలు ముదిరినవి. మేకలు కొన్నిటిని తినెను. తక్కినవి నీళ్లు లేక ఎండెను. మిగిలినది ఒక్క మునగ మొక్క. అది కొళాయి ప్రక్కన నుండెను. ఇంటికి కావలిగా మిగిలిన ఒక ముసలి విధవరాలు దినమును అంట్లు తోమిన నీళ్లు దాని మొదట పోసెను. ఆమె మా ప్రసంగమునకు రాలేదు. ఆనాడు జ్వరముతో పడుకొని యుండెను.

మేము అశోకునివలె ఆజ్ఞ యిచ్చితిమి. ఆమె అనూరాధపురపువారివలె కావలి కాచెను. సెమినరీలో మేము నేర్చిన పాఠములకంటె ఆ మునగచెట్టు మాకు ఎక్కువ నేర్పెను.

తరువాత సంఘపెద్దల కూటములో మాటలు నడిచెను. దేవాలయమునకు రెండు ఎకరముల మెట్ట కలదు. దానిని కౌలుకిచ్చి, ఆ సొమ్ముతో పైకప్పు బాగుచేయింపవలెనని కొందరు. తోట వేయవలెనని కొందరు. కౌలు ఈ యేడే వచ్చును, తోట అయిదేండ్లవరకు ఏమి తెచ్చునని ఒక పెద్ద అడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనది. వాన కారు కప్పుక్రింద కూర్చుండువాడు మామిడి మాట వినుట కష్టమే. రెండు కూటములు వాదనతోనే ముగిసెను. ఒకరిద్దరు ఆరాధనకు వచ్చుటకూడ మానిరి. తుదకు లేవీయకాండము 19వ అధ్యాయము చదువుకొంటిమి. కొత్తగా నాటిన చెట్టు ఫలమును మూడేండ్లు ముట్టకూడదు. నాలుగవ యేటిది దేవునిది. అయిదవ యేట తినవచ్చును. అనగా అయిదేండ్లు ఓర్చుకొనువారికే తోట అని దేవుని ధర్మశాస్త్రమే ముందుగా చెప్పినది. అర ఎకరము తోటకును, ఒకటిన్నర ఎకరము కౌలుకును విడిచితిమి. ఎవరికిని పూర్తి సంతోషము కాలేదు. అయినను పని మొదలాయెను.

తోట వేయు విధము

ఇతర సంఘములవారు అడుగుచున్నారు గనుక మేము నేర్చుకొన్నది క్లుప్తముగా వ్రాయుచున్నాము.

ఎండకాలమందే రెండు మూడు అడుగుల గుంటలు త్రవ్వి ఎండబెట్టవలెను. పైమన్ను, దిబ్బ ఎరువు, వేపపిండి కలిపి పూడ్చి, మృగశిర, ఆరుద్ర కార్తెలలో పదును దొరకగానే నాటవలెను. కడప వైపువారికి ఈశాన్యపు వానయు అనుకూలమే. చింత, వేప, సీతాఫలము విత్తనము నేరుగా పెట్టిననే మేలు. తల్లివేరు తెగక లోతుకు దిగును. వాలుకు అడ్డముగా ప్రతి మొక్కకు అర్ధచంద్రాకారపు గట్టు వేసినయెడల పారు నీరు మొదట నిలుచును. మొక్క ప్రక్కన మంటికుండను పాతి, అడుగున చిన్న బెజ్జమునకు గుడ్డపేలిక దూర్చి నింపినచో, కొద్ది నీరే చాల దినములు మెల్లగా తడుపును. మొదళ్లకు చెనిక్కాయ పొట్టు, రాలిన ఆకు కప్పవలెను.

చెట్లను ఒకే జాతిగా గాక అడవిలోవలె అంతస్తులుగా పెట్టవలెను. ఎత్తున చింత, నేరేడు, మామిడి. వాటిక్రింద ఉసిరి, జామ, సీతాఫలము, మునగ, కరివేపాకు. వాటి నడుమ కంది, ఆముదము. నేలమీద అలసంద, గోంగూర, చిలగడదుంప. కంచెమీద చిక్కుడు, కాకర తీగలు. ఒకటి కాయని ఏడు మరియొకటి కాయును. 2016 మొదలు మన రాష్ట్రములో ప్రకృతి వ్యవసాయము పేరిట ఇట్టి కలగలుపు తోటలను రైతులకు నేర్పిరి. మునగ ఏడాదికే కాయును. జామ, సీతాఫలము మూడు నాలుగేండ్లకు. చింతకు పదేండ్లు పట్టినను పిమ్మట మనుమల మనుమలవరకు ఇచ్చును. సీతాఫలపు ఆకును మేక ముట్టదు గనుక దానిని అంచున పెట్టవలెను. చుట్టు ముండ్లకంప వేసి, దాని లోపల వాక్కాయ, అనగా కలివికాయ మొక్కలు పెట్టినచో, కంప కుళ్లునప్పటికి పచ్చని కంచె లేచును; అదియు పచ్చడికి కాయ నిచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది కావలి పుస్తకము. సంఘపు రిజిస్టరువలె దానిని ఉంచితిమి. ప్రతి చెట్టుకు ఎదురుగా ఒక పేరు. ఆ పేరుగలవాడు వలసపోయినచో నీళ్లు పోయవలసిన రెండవ పేరు. వలసకాలములో ఊరిలో నిలుచువారు ముసలివారును పిల్లలును గనుక రెండవ పేర్లలో చాలమట్టుకు అవ్వలవే, ఆదివారపు బడి పిల్లలవే. పండిన పండును ఎవరు తినవలెను? చెట్టు కాచినవానికి ఒక పాలు, దేవాలయమునకు ఒక పాలు, ఊరిలో పొలము లేనివారికి, ఏ మతమువారైనను, ఒక పాలు. అంచునున్న చెట్ల కాయలు దారినపోవు పిల్లలవి. వాటికి లెక్క లేదు.

ఈసారియు కొన్ని మొక్కలు చచ్చెను. అయితే వాటికి మారుగా మరల నాటిరి, ఏలయనగా ఏది ఎవరిదో తెలియును. కూటమునకు రాక మానిన పెద్దలలో ఒకరు తన మనుమరాలి పేరనున్న ఉసిరి మొక్కకు ఎండలో కడవ మోయుట మొన్న చూచితిమి. మేము పలుకరింపలేదు, ఆయనయు మాటాడలేదు. తరువాతి ఆదివారము ఆయన ఎప్పటి చోటనే కూర్చుండెను.

ముగింపు

అబ్రాహాము బెయేర్షెబాలో బావి తగాదా తీరిన తరువాత ఒక చెట్టు నాటి, అక్కడ దేవుని పేర ప్రార్థన చేసెను. ఆయన అప్పటికే ముసలివాడు; ఆ దేశములో పరదేశి. అయినను నాటెను. ఒకడు విత్తగా మరియొకడు కోయు సంగతినిగూర్చి ప్రభువు శిష్యులతో చెప్పినప్పుడు, విత్తువాడును కోయువాడును కలిసి సంతోషింతురని తెలియజేసెను. తోట వేయువారికి ఆ వాగ్దానము చాలును.

ప్రియులారా, అశోకుని బండ మన జిల్లాలో ఉన్నది. లక్షమందిని చంపినవాడు మారి చెట్లు నాటెనని అది సాక్ష్యమిచ్చుచున్నది. ఆయన చేసిన మంచి పని ఆగిపోయిన చోటు ఏదో కూడ మనకు తెలిసినది. ఆయనకు అధికారులుండిరి, శిల్పులుండిరి. తరతరముల కావలి కాచు చిన్న సంఘములు ఆ దారులవెంట లేవు. అధికారులును శిల్పులును మనకు లేరు. చిన్న సంఘములు మాత్రము ఊరూర ఉన్నవి.

ధ్యానమునకు ప్రశ్నలు

1. మన ఊరిలో పొలము లేని బిడ్డ అడుగకుండ కోసికొని తినదగిన చెట్టు ఎన్ని ఉన్నవి? అవి ఎవరు నాటినవి?

2. మన సంఘము ఆర్భాటముగా మొదలుపెట్టి, కావలి లేక ఎండబెట్టిన మంచి పని ఏది? దానికి ఇప్పుడు ఎవరి పేరు వ్రాయవచ్చును?

3. మనము తినని ఫలముకొరకు నీళ్లు మోయుటకు మనకు మనస్సున్నదా?

ప్రార్థన

ఆదియందు తోట నాటిన తండ్రీ, మనుష్యుని దానిలో కావలి పెట్టితివి. మేము ఆ పని మరచితిమి, క్షమించుము. మా ఎండిన నేలమీద సకాలమున వాన కురిపించుము. దూరపు పనులకు పోయిన మా వారిని క్షేమముగా ఇల్లు చేర్చుము. నాటు చేతులకు ఓర్పును, నీళ్లు పోయు ముసలి చేతులకు బలమును, మా పిల్లలకు ఫలమును దయచేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.